పెద్ద మానిఫోల్డ్ బిగించాక పవర్ ఎందుకు పోయింది: ఒక 13బి రోటరీ ఇంజిన్ కేస్ స్టడీ

బండి రెండో తరం మజ్దా ఆర్ఎక్స్-7. లోపల 13బి ఇంజిన్, అంటే పిస్టన్లకి బదులు రెండు రోటర్లు తిరిగే రోటరీ. గాలి లోపలికి పోయే కంతలు, అంటే పోర్టులు, నాలుగు ఉన్న ప్లేట్లతో కట్టింది, టర్బో లేదు. పోర్టుల్ని ఒక మోస్తరుగా పెంచి స్ట్రీట్ పోర్ట్ చేశారు. రోడ్డు మీద తిరిగే బండి కాదు, ట్రాక్ కోసమే. ఓనర్ ఫ్యాక్టరీ ఇంటేక్ మొత్తం తీసేసి, బయట చేయించిన అల్యూమినియం మానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలి పంచే పైపుల అమరిక) బిగించుకున్నాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది: ఐదు లీటర్లకు పైబడిన ప్లీనం (గాలి నిండే గది), దానికి నాలుగు లావుపాటి పొట్టి పైపులు (రన్నర్లు), ముందు చివర 75 మి.మీ. థ్రోటిల్ బాడీ. ఆయన కంప్లయింట్ ఒక్క మాటలో చెప్పాడు: "పైన పవర్ వస్తుందనుకుంటే, కింద ఉన్నది కూడా పోయింది."

డైనో (పవర్ కొలిచే యంత్రం) ఎక్కిస్తే ఆయన చెప్పింది నిజమే. 4,000 నుంచి 5,500 ఆర్పీఎం దాకా టార్క్ గ్రాఫ్‌లో పెద్ద గుంట. 5,000 దగ్గర చక్రాల మీద 140 ఎన్ఎం, గరిష్ఠ పవర్ 7,900 దగ్గర 162 హార్స్‌పవర్. స్ట్రీట్ పోర్ట్ చేసిన, కంప్రెషన్ బాగున్న 13బికి ఇది తక్కువ. ఇగ్నిషన్, ఫ్యూయల్ ప్రెజర్, రోటర్లవారీగా కంప్రెషన్ అన్నీ ముందే చూసి పక్కన పెట్టాను, వాటిలో ఏ లోపమూ లేదు. మిగిలింది మానిఫోల్డే.

లెక్కలోకి వెళ్ళే ముందు ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే రోటరీకి మానిఫోల్డ్ చేసేవాళ్ళలో చాలామంది పిస్టన్ ఇంజిన్ అలవాటుతోనే చేస్తారు. పిస్టన్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగితే ఇంటేక్ వాల్వ్ తెరుచుకుని ఉండేది సుమారు 240, 250 డిగ్రీలు. మిగతా సమయమంతా రన్నర్‌లో గాలి ఆగి, మూసిన వాల్వ్‌కి కొట్టుకుని అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. రోటరీ కథ వేరు. రోటర్‌కి మూడు ముఖాలు, ఎక్సెంట్రిక్ షాఫ్ట్ (రోటరీలో క్రాంక్ లాంటిది) మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది, కాబట్టి షాఫ్ట్ ప్రతి చుట్టుకీ ఒక కొత్త ముఖం అదే పోర్ట్ ముందుకి వస్తుంది. స్టాక్ నాలుగు పోర్టుల 13బిలో సెకండరీ పోర్ట్ (రోటర్‌కున్న రెండు పోర్టుల్లో పెద్దది) టీడీసీ (చాంబర్ అతి చిన్నగా ఉండే స్థానం) దాటాక 32 డిగ్రీలకి తెరుచుకుని, బీడీసీ (అతి పెద్దగా ఉండే స్థానం) దాటాక 50కి మూసుకుంటుంది. ఇంటేక్ స్ట్రోకే 270 డిగ్రీలు కాబట్టి మొత్తం 288 డిగ్రీలు తెరిచే ఉంటుంది. 360లో 288! మూసి ఉండేది 72 డిగ్రీలే, ఆ వెంటనే తర్వాతి ముఖం వచ్చి మళ్ళీ పీల్చడం మొదలుపెడుతుంది. స్ట్రీట్ పోర్ట్ చేశాక ఆ విరామం ఇంకా తగ్గుతుంది. హౌసింగ్‌లోంచి నేరుగా తెరిచే పెరిఫెరల్ పోర్ట్‌లోనైతే పూర్తిగా మూసుకోవడం అంటూ దాదాపు ఉండదు.

అందుకే రోటరీ రన్నర్‌లో గాలి దాదాపు ఆగకుండా పారుతూ ఉంటుంది. ఎంత గాలి? రోటర్‌కి 654 సీసీ, రెండు కలిపి షాఫ్ట్ చుట్టుకి 1,308 సీసీ. 8,000 ఆర్పీఎం దగ్గర పూర్తిగా నిండితే నిమిషానికి 10,464 లీటర్లు, అంటే 2.6 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పీల్చేటంత. ఈ అంకె చూసే పెద్ద పైపులు వేస్తారు. కానీ గాలి ప్రవాహం నిలకడగా ఉన్నప్పుడు పైపు మరీ లావుగా ఉండాల్సిన పని లేదు, దాని వేగం నిలబడాలి.

మొదట వేగం సంగతి

ఓనర్ బయట చేయించిన ఆ పాత మానిఫోల్డ్‌లో నాలుగు పైపులూ లోపలి కొలత 44 మి.మీ., రోటర్‌కి రెండు. అంటే ఒక్కో రోటర్‌కి 30 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు దారి. 5,000 ఆర్పీఎం దగ్గర ఒక రోటర్ సెకనుకి 54 లీటర్లు పీలుస్తుంది, దాన్ని ఈ వైశాల్యంతో భాగిస్తే సగటు వేగం సెకనుకి 18 మీటర్లే. ఆ వేగంతో వచ్చే గాలికి పోర్ట్ మూసుకునే చివరి క్షణాల్లో లోపలికి తోసుకుపోయేంత ఊపు ఉండదు. బీడీసీ దాటాక చాంబర్ కుదించుకోవడం మొదలవుతుంది, స్ట్రీట్ పోర్ట్ చేసిన ఇంజిన్‌లో పోర్ట్ ఇంకా తెరిచే ఉంటుంది, ఊపు లేని గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మధ్య ఆర్పీఎంలో గుంటకి సగం కారణం ఇదే.

ఇక ఫ్లాంజ్ (మానిఫోల్డ్‌ని ఇంజిన్‌కి బిగించే పట్టీ) విప్పి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. 44 మి.మీ. గుండ్రటి పైపుని ఫ్లాంజ్‌కి నేరుగా వెల్డ్ చేశారు, ప్లేట్‌లో పోర్ట్ నోరేమో దానికంటే చిన్నది. మధ్యలో ఒక మెట్టు. వేలు పెట్టి తడిమితే గోరు ఆగేంత కాదు, వేలి కొసే ఆగిపోయేంత. ప్రైమరీ వైపు ఇంకా అన్యాయం: మధ్య ప్లేట్‌లోని ప్రైమరీ పోర్టులు సెకండరీల కంటే చిన్నవి, వాటికీ అదే 44 పైపు వేశారు. గ్యాస్కెట్ మీద మసి మరక చూస్తే గాలి ఎక్కడ సుడి తిరిగిందో తెలిసిపోతోంది, మెట్టు కింద చంద్రవంక ఆకారంలో నల్లగా, మిగతాచోట శుభ్రంగా ఉంది. ఫ్లో బెంచ్ (గాలి ప్రవాహం కొలిచే యంత్రం) మీద 28 అంగుళాల నీటి పీడనం దగ్గర ప్లేట్‌ని ఒంటరిగా, తర్వాత మానిఫోల్డ్‌తో కలిపి కొలిస్తే ప్రవాహం దాదాపు 9 శాతం తగ్గింది. పైపు పోర్ట్ కంటే పెద్దది, అయినా ప్రవాహం తగ్గింది! ఈ మాట నమ్మనివాళ్ళకి బెంచ్ మీద పెట్టి చూపించాల్సిందే, వేరే దారి లేదు.

థ్రోటిల్ బాడీ చిన్నదేమో అన్న అనుమానం కూడా ఓనర్‌కి ఉంది, ఇంకా పెద్దది కొందామనుకుంటున్నాడు. ప్లీనంలో ప్రెజర్ సెన్సర్ రీడింగ్ చూపించాను: బయట 100 కిలోపాస్కల్స్ ఉంటే, ఫుల్ థ్రోటిల్‌లో 7,500 దగ్గర ప్లీనంలో 98.5. అడ్డు అక్కడ లేదు. ఆ డబ్బు మిగిలినట్టే.

రెండు రోటర్లు, రెండు మిక్చర్లు

పవర్ కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇది. ఎగ్జాస్ట్‌లో రెండు పైపులూ కలిసిన చోట ఒకే వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి చూపేది) ఉంది, అది ఫుల్ లోడ్‌లో సుమారు 13 చూపిస్తోంది, ఓనర్ నిశ్చింతగా ఉన్నాడు. ఒక్కో రోటర్ పైపుకి విడిగా సెన్సర్ పెట్టి చూస్తే ముందు రోటర్ 12.6, వెనక రోటర్ 13.5. అంటే సగటు బాగుంది, ఒక రోటర్ లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువై తిరుగుతోంది. ఎగ్జాస్ట్ టెంపరేచర్ కూడా అదే చెప్పింది. లీన్ అయితే నాకింగ్, అంటే మిక్చర్ అదుపు లేకుండా పేలడం, రావచ్చు. పిస్టన్ ఇంజిన్ దాన్ని కొంత భరిస్తుంది, రోటరీ భరించదు. ఆ నాకింగ్ (డిటొనేషన్) వస్తే రోటర్ మూలల్లో ఉండే ఏపెక్స్ సీల్ విరుగుతుంది, విరిగిన ముక్క హౌసింగ్‌ని గీరుకుంటూ పోతుంది, ఆ తర్వాత ఇంజిన్ మొత్తం దించాల్సిందే.

కారణం ప్లీనం ఆకారం. థ్రోటిల్ ముందు చివర ఉంది. గాలి అక్కడినుంచి వేగంగా లోపలికి దూసుకొచ్చి మొదటి పైపుల నోళ్ళ పక్కనుంచి జారిపోతుంది, చివరి గోడ దగ్గర నెమ్మదించి అక్కడ ప్రెజర్ పెరుగుతుంది. దూరంగా ఉన్న పైపులకి ఎక్కువ గాలి, దగ్గరగా ఉన్నవాటికి తక్కువ. ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్) వెనక రోటర్‌కి పెట్రోల్ పెంచి సరిచేయొచ్చు కదా అని అడుగుతారు. ఒక ఆర్పీఎం దగ్గర చేయొచ్చు. కానీ తేడా గాలి వేగంతో పాటు మారుతుంది, 4,000 దగ్గర దాదాపు లేదు, 7,000 దగ్గర ఉంది. గాలి సమానంగా పంచకుండా పెట్రోల్‌తో సర్దడం నాకు నచ్చని పద్ధతి.

అసలు లెక్క: పక్క రోటర్ పంపే తోపు

రెండు రోటర్ల ఇంజిన్‌లో రోటర్లు షాఫ్ట్ మీద 180 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒక రోటర్ ఇంటేక్ పోర్ట్ తెరుచుకునే క్షణంలో చాంబర్‌లో మిగిలిన ఎగ్జాస్ట్ గ్యాస్ ప్రెజర్ రన్నర్ కంటే ఎక్కువ ఉంటుంది, అది రన్నర్‌లోకి ఒక ప్రెజర్ తరంగాన్ని వెనక్కి కొడుతుంది. మామూలుగా చూస్తే అది నష్టం. కానీ ఆ తరంగం తన రన్నర్ ఎక్కి, పక్క రోటర్ రన్నర్ దిగి, సరిగ్గా ఆ రోటర్ పోర్ట్ మూసుకోబోయే ముందు చేరితే, బస్సు తలుపు మూసే ముందు వెనకవాళ్ళు తోస్తే ఇంకో ఇద్దరు లోపల పడినట్టు, చాంబర్‌లోకి కొంచెం ఎక్కువ గాలి దూరి తలుపు పడిపోతుంది. మజ్దా రెండో తరం ఆర్ఎక్స్-7లోని టర్బో లేని 13బిలో వాడింది ఈ సూత్రాన్నే. ఇంజిన్ మీద కనిపించే ఆ పై ముక్కకి డైనమిక్ చాంబర్ అని పేరు పెట్టింది కూడా అందుకే. 1989లో దానికి వీడీఐ వాల్వ్ చేర్చారు: పై ఆర్పీఎంలో వాల్వ్ తెరుచుకుని, రెండు రోటర్ల మధ్య దారిని పొట్టి చేస్తుంది. తర్వాత ఆర్ఎక్స్-8 రెనెసిస్ ఇంజిన్‌లో ఒక్కో ఆర్పీఎంకి ఒక్కో వాల్వ్ తెరుచుకునే పెద్ద ఏర్పాటే ఉంది.

ఈ ఇంజిన్‌కి లెక్క వేద్దాం. డిగ్రీ వీల్ (షాఫ్ట్ కోణం చూపే చక్రం) పెట్టి కొలిస్తే పోర్టులు టీడీసీ తర్వాత సుమారు 25కి తెరుచుకుని, బీడీసీ తర్వాత 60కి మూసుకుంటున్నాయి. అంటే టీడీసీ నుంచి లెక్కపెడితే 330 దగ్గర మూత. పక్క రోటర్ తెరుచుకునేది మన రోటర్ లెక్కలో 180 కలిపితే 205 దగ్గర. మధ్యలో 125 డిగ్రీల సమయం ఉంది. తరంగం సరిగ్గా మూసే క్షణంలో వస్తే పని లేదు, ఓ 20 డిగ్రీలు ముందే రావాలి, కాబట్టి ప్రయాణానికి 105 డిగ్రీలు. 7,000 ఆర్పీఎం దగ్గర సెకనుకి 42,000 డిగ్రీలు తిరుగుతుంది, 105 డిగ్రీలకి 2.5 మిల్లీసెకన్లు. వెచ్చటి గాలిలో ధ్వని వేగం సెకనుకి 350 మీటర్లు అనుకుంటే దారి పొడవు 87 సెంటీమీటర్లు, పోర్ట్ నుంచి పోర్ట్‌కి. కలిసే చోటు మధ్యలో ఉంటే ఒక్కో వైపు 44. ఈ పోర్ట్ టైమింగ్‌కి సులువైన లెక్క కావాలంటే: సుమారు మూడు లక్షల ఆరువేలని ఒక వైపు పొడవు సెంటీమీటర్లతో భాగిస్తే ఏ ఆర్పీఎం దగ్గర తోపు కలుస్తుందో వస్తుంది. 30కి 10,200. 45కి 6,800. 60కి 5,100. ప్లేట్ లోపల పోర్ట్ దారి కూడా ఈ పొడవులోకే వస్తుంది, ఫ్లాంజ్ దగ్గర్నుంచి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. పోర్ట్ టైమింగ్ మారితే ఆ 105 మారుతుంది, ముందు డిగ్రీ వీల్ పెట్టి కొలిచి తర్వాతే భాగించండి.

పాత మానిఫోల్డ్‌లో ప్లేట్ లోపలిది కలుపుకుని పొడవు 30 సెంటీమీటర్లు. 10,200 ఆర్పీఎంకి ఈ ఇంజిన్ ఎప్పుడూ పోదు. దానికి తోడు ఐదు లీటర్ల ప్లీనం. తరంగం అంత పెద్ద గదిలోకి వచ్చి పడగానే విచ్చుకుపోతుంది, పక్క పైపులోకి పోయేది చాలా కొద్ది. చిన్న గది అయితేనే అది దాటుతుంది. ప్లీనం పెద్దదైతే గాలి నిల్వ ఉంటుంది అనే మాట టర్బో బండ్లనుంచి వచ్చింది, టర్బో లేని రెండు రోటర్ల ఇంజిన్‌లో అది పక్క రోటర్ సాయాన్ని చంపేస్తుంది.

నమ్మకం కోసం ఫ్లాంజ్‌కి దగ్గరగా వేగంగా స్పందించే ప్రెజర్ సెన్సర్ బిగించి, షాఫ్ట్ ట్రిగ్గర్‌తో కలిపి స్కోప్ మీద చూశాను. 7,000 దగ్గర తెర మీద గీత 220 డిగ్రీల చుట్టూ ఒక మూపురంలా లేచి, తర్వాత దిగుతూ దిగుతూ 310 దాటాక బయటి గాలి ప్రెజర్ కంటే కిందికి పోతోంది. అంటే రన్నర్ సాయం చేయాల్సిన చివరి క్షణాల్లో వెనక్కి లాగుతోంది. ఆ మూపురం పక్క రోటర్‌ది కాదు, సొంత పీల్పు వల్ల పుట్టి ప్లీనం నోటి దగ్గర తిరగబడి వచ్చింది, పొట్టి పైపు కాబట్టి చాలా తొందరగా వచ్చేసింది.

కొత్త మానిఫోల్డ్ చేసే ముందు తాత్కాలికంగా ఒకటి కట్టాను: సరిగ్గా మలిచిన పొట్టి ఫ్లాంజ్ ముక్కలు, వాటి మీద సిలికాన్ హోస్, క్లాంపులతో ఒకదాంట్లో ఒకటి జారే పైపులు, పైన లీటరు లోపు చిన్న గది, దాని నడుమ థ్రోటిల్. మూడు పొడవుల్లో, ఒక్కో పొడవుకీ పెట్రోల్ సరిచేసి, డైనో మీద తిప్పాం. 60 పెడితే గుంట పూర్తిగా పూడి 5,000 దగ్గర గట్టి మూపురం వచ్చింది, కానీ 6,500 దాటగానే ఇంజిన్ ఊపిరి ఆగినట్టు చతికిలపడింది. లెక్క ప్రకారం అంతే కావాలి, 7,000 దగ్గర తరంగం 349 డిగ్రీలకి వస్తుంది, పోర్ట్ 330కే మూసుకుపోయింది. 30 పెడితే పాత మానిఫోల్డ్ కంటే నయం, పైన మాత్రం ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టే రెడ్‌లైన్ తగులుతోంది. 45 దగ్గర చెవికే తేడా తెలిసింది, 6,000 నుంచి మోత గట్టిపడి గొంతు మారింది. స్కోప్ మీద 310 దగ్గర ఉన్న పల్లం స్థానంలో మూపురం.

ఇక్కడ ఓనర్‌ని ఒక ప్రశ్న అడిగాను: ట్రాక్ మీద ఎక్కువ సమయం ఏ ఆర్పీఎంలో ఉంటారు? లాగ్ చూస్తే 5,000, 7,500 మధ్యే. నిర్ణయం సులువైంది, 45 ఖాయం.

కట్టిన తీరు

ప్రైమరీకి లోపలి కొలత 34 మి.మీ., సెకండరీకి 38. రెండూ కలిపి రోటర్‌కి 20.4 చదరపు సెంటీమీటర్లు. 5,000 దగ్గర సగటు వేగం 27 మీటర్లు, 8,000 దగ్గర 43. ఇంకాస్త సన్నగా చేస్తే కింద ఇంకా బాగుండేది, పైన నష్టం వచ్చేది. పైపు గది వైపు కొద్దిగా వెడల్పుగా మొదలై పోర్ట్ వైపు నెమ్మదిగా సన్నబడుతుంది, చివరి నాలుగు సెంటీమీటర్లలో గుండ్రటి ఆకారం పోర్ట్ ఆకారంలోకి మారుతుంది. ఎక్కువ సమయం తిన్నది ఆ నాలుగు సెంటీమీటర్లే. గ్యాస్కెట్‌ని పోర్ట్‌కి సరిపోయేలా కోసి, దాన్నే అచ్చుగా పెట్టుకుని ఫ్లాంజ్ లోపల రాపిడి చేశాను. గది వైపు ప్రతి పైపు నోటికీ గుండ్రటి బెల్‌మౌత్ ఉంది, ఆ నోరు గోడకి అతుక్కోకుండా కాస్త లోపలికి పొడుచుకొచ్చేలా పెట్టాను. థ్రోటిల్ సరిగ్గా మధ్యలో, రెండు రోటర్లకీ సమదూరంలో. ఫ్లో బెంచ్ మీద ఇప్పుడు మానిఫోల్డ్ వల్ల తగ్గేది 3 శాతం.

45 సెంటీమీటర్లు ఎక్కడ పడుతుంది? పైకెక్కి ఇంజిన్ మీదుగా వంగి అవతలి వైపుకి వెళ్తేనే పడుతుంది, ఫ్యాక్టరీది అలా వంగి ఉండేది కూడా అందుకే. వంపు పెద్ద రేడియస్‌తో ఉంటే నష్టం స్వల్పం. పోర్ట్ ముందు చివరి భాగం మాత్రం తిన్నగా ఉంచాను.

వేడి సంగతి కూడా చూసుకోవాలి, 13బిలో ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్క, ఒకదాని మీద ఒకటి. గాలి 30 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే సాంద్రత 9 శాతం పడిపోతుంది, ట్యూనింగ్‌తో సంపాదించినదంతా అక్కడే పోతుంది. ధ్వని వేగం కూడా 5 శాతం పెరిగి తోపు కలిసే ఆర్పీఎం పైకి జరుగుతుంది. మధ్యలో రెండు పొరల హీట్ షీల్డ్, ఫ్లాంజ్ దగ్గర ఫైబర్ స్పేసర్ పెట్టాను. ఇంకొకటి, ఫ్యాక్టరీ మానిఫోల్డ్ తీసేసినప్పుడు మీటరింగ్ ఆయిల్ లైన్ల (సీల్స్‌కి ఆయిల్ పంపే గొట్టాల) గురించి తప్పకుండా ఆలోచించాలి. ఈ బండిలో పెట్రోల్‌లోనే టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి వాడుతున్నారు, కాబట్టి సీల్స్‌కి ఇబ్బంది లేదు.

ఫలితం

ఫ్యూయల్ మ్యాప్ కొత్తగా రాశాక 5,000 దగ్గర టార్క్ 140 నుంచి 160 ఎన్ఎంకి వచ్చింది. గరిష్ఠ పవర్ 171, అదీ 7,400 దగ్గరే, ముందు 162 కోసం 7,900 దాకా తిప్పాల్సి వచ్చేది. గరిష్ఠ అంకెలో 9 హార్స్‌పవర్ పెద్ద విషయం కాదు, 4,500 నుంచి 7,500 దాకా గ్రాఫ్ కింద నిండిన వైశాల్యం ఉంది చూశారూ, ల్యాప్ టైమ్ అక్కడ వస్తుంది. రెండు రోటర్ల మిక్చర్ తేడా 0.2 లోపుకి తగ్గింది, వెనక రోటర్‌కి ప్రత్యేకంగా పెట్రోల్ కలిపే పని లేకుండా పోయింది. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే.

ఇది స్ట్రీట్ పోర్ట్‌కి పనికొచ్చిన కొలత. పెరిఫెరల్ పోర్ట్ ఇంజిన్‌కి ఇదే 45 తీసుకెళ్ళి పెట్టకండి. అక్కడ ఓవర్‌ల్యాప్ (ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండూ తెరిచి ఉండే సమయం) చాలా ఎక్కువ, తరంగాలు బలంగా ఉంటాయి, ఒక పొడవు పనిచేసే ఆర్పీఎం పరిధి ఇరుకు. 1991లో లె మాన్స్ గెలిచిన మజ్దా 787బిలోని ఆర్26బి ఇంజిన్, నాలుగు రోటర్లు, 2,616 సీసీ, పెరిఫెరల్ పోర్టులే. ఇంటేక్ ట్రంపెట్లు ఆర్పీఎంని బట్టి జారుతూ పొడవు మారేలా కట్టారు, ఒకే పొడవు చాలదు కాబట్టి.

మన బండిలో 3,500 కింద ఇప్పటికీ కొంచెం నీరసం ఉంది. నాలుగు పైపులూ ఎప్పుడూ తెరిచే ఉండడం వల్ల అక్కడ వేగం చాలడం లేదు. సెకండరీ పైపులకి రెనెసిస్‌లో ఉన్నలాంటి షట్టర్ వాల్వ్ పెట్టి కింద మూసేస్తే అదీ సర్దుకుంటుంది. ట్రాక్ మీద ఆ ఆర్పీఎంకి దిగేది పిట్ లేన్‌లోనే కాబట్టి ఓనర్ వద్దన్నాడు. సెకండరీ రన్నర్లలో షాఫ్ట్ పట్టేంత మందంగా బాస్‌లు (లోహపు దిమ్మలు) మాత్రం వెల్డ్ చేసి, రంధ్రం వేయకుండా వదిలాను. బండిని రోడ్డుకి మార్చాలనుకున్న రోజున మానిఫోల్డ్ మళ్ళీ చేయక్కర్లేదు, అక్కడ డ్రిల్ చేసి షాఫ్ట్ దూరిస్తే చాలు.